లాడ్ బజార్ గోల్‌కీపర్

మొన్న పొద్దున మా మనవరాలు ఫోను నా ముందు పెట్టి, ఎవరో టెన్నిస్ అమ్మాయి ఆట ఓడిపోయాక పత్రికలవాళ్ల ముందుకు రానన్నదట, మనసు బాగాలేదని చెప్పినా జరిమానా వేశారట, పాపం కదా తాతా అంది. నా నోట్లోంచి ఠక్కున వచ్చిన మాట, "పాపమేంది, ఏదో దాస్తున్నది" అని. నీకు పాలవాడి మీద కూడా అనుమానమే అంటూ పిల్ల లేచిపోయింది. నిజమే మరి. ముప్పై ఏళ్లు స్పోర్ట్స్ రిపోర్టరుగా బతికినవాణ్ణి, ఏ పుట్టలో ఏ పాముందో అని వెతకడమే పనిగా పెట్టుకున్నవాణ్ణి. అయినా ఆ మాట అన్నాక నాకు చాయ్ సహించలేదు. సరిగ్గా అదే మాటను ఒకప్పుడు నేను అచ్చులో వేశాను.

అప్పట్లో సర్కారు కంపెనీలకు ఫుట్‌బాల్ జట్లుండేవని, బాగా ఆడిన పిల్లలకు అందులోనే కొలువులు దొరికేవని నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. అలాంటి ఒక జట్టుకు లాడ్ బజార్‌లో గాజులమ్ముకునే ఇంటి కుర్రవాడు గోల్‌కీపర్. చేతులు చేటలంత ఉండేవి. కొలువింకా పర్మనెంటు కాలేదు, అయితే ఆ ఇంట్లో అదే మొదటి సర్కారు నౌకరీ. వాళ్లు ఏటా ఆడే టోర్నమెంటులో మా పత్రికలవాళ్ల కోసమే ఒక రూలు పెట్టారు: ఓడిన జట్టు గోల్‌కీపర్ షామియానా కింద బెంచీ మీద పది నిమిషాలు కూర్చుని మేమడిగినవాటికి జవాబు చెప్పాలి, కూర్చోకపోతే జట్టులోంచి అవుట్. మాకు అంతకన్నా ఏం కావాలి! అంతకు ముందు ఏడాది అతను ఒక్కసారి ఆ బెంచీ మీద కూర్చున్నాడు. టోపీ కళ్లదాకా లాక్కుని, ఒక్క మాటైనా పూర్తిగా చెప్పకుండానే ఆ పది నిమిషాలూ గడిపి లేచి వెళ్లిపోయాడు.

ఈసారి ఫైనల్లో బంతి అతని చేతుల్లోంచే జారి గోల్లోకి పోయింది. తీరా షామియానా కిందికి వచ్చినవాడు మాత్రం పొంగిపొర్లి మాట్లాడాడు. హార్‌జీత్ అల్లా చేతుల ఉంటది సాబ్, మైదానంల ఉన్నోడికే తెలుస్తది సాబ్ అంటూ మమ్మల్ని నవ్వించాడు కూడా. నోటుబుక్కుల్లోకి తప్ప మొహాల్లోకి చూసే అలవాటు మాకెవరికీ లేదు. లేచేటప్పుడు అందరికీ చెయ్యిచ్చాడు. నా చెయ్యి పట్టుకున్నప్పుడు మాత్రం, బొటనవేలి మొదలు దగ్గర మెల్లగా నొక్కి, వేళ్ల కణుపులన్నీ ఒక్కచోటికి మడిచి వదిలాడు. చిన్నప్పుడు మా అమ్మ కొంగు పట్టుకుని లాడ్ బజార్‌కు పోతే, అమ్మ చేతి కొలత కోసం గాజులాయన ఇలాగే నొక్కేవాడు. పైగా ఆ చెయ్యి చేటంత లేదు, నా చేతిలో ఇమిడిపోయింది. వీడు గోల్‌కీపర్ కాదు, దుకాణంలో కూర్చునే, పోలికలున్న వాళ్లన్న. అలవాటైన చెయ్యి వాణ్ణి పట్టిచ్చింది.

మర్నాడే వాళ్ల దుకాణానికి పోయాను. నన్ను చూడగానే అన్న ముఖం తెల్లబోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడనుకున్నాను. లోపలికి తీసుకుపోయి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"సాబ్, ఆని నౌకరీ ఖరాబ్ చెయ్యకుండ్రి. మీ ముందల కూసోవాలంటే ఆనికి చేతులు వణుకుతయి, కక్కుకుంటడు. పోయినేడు ఎవరో ఎనకనుంచి 'మ్యాచ్ ఎంతకు అమ్ముకున్నవ్ భాయ్' అని అడిగిండంట, అందరు నవ్విండ్రంట. గప్పటి సంది గిట్లనే."

ఆ ఎవరో నేనే. నలుగురు నవ్వుతారని అన్న మాట, అన్నది కూడా మర్చిపోయాను. అప్పుడైనా నాకు బుద్ధి రావాలా? రాలేదు. వేలమంది ముందు గోల్లో నిలబడేవాడికి పదిమంది ముందు కూర్చోవడానికి భయమా, ఇదంతా అన్నదమ్ములు కూడబలుక్కున్న కథ, నిప్పులేనిదే పొగ రాదు అనుకున్నాను. 'బదులు మనిషిని పంపిన గోల్‌కీపర్ ఏం దాస్తున్నాడు?' అని రాశాను, మస్తుగా రాశావని ఆఫీసులో వీపు తట్టారు. వారం తిరక్కుండా అతన్ని జట్టులోంచి తీసేశారు, కొలువూ పోయింది. తర్వాత ఆ కంపెనీవాళ్లు విచారణ చేసి, మ్యాచ్ అమ్ముకున్నదేమీ లేదని తేల్చారు. ఆ సంగతి మా పత్రికలో రాలేదు. నేనే రాయలేదు.

నిన్న మనవరాలు స్నేహితురాలి పెళ్లికి గాజులు కావాలంటే, తోడు వస్తానని నేనే బయల్దేరి ఆ దుకాణానికే తీసుకుపోయాను. అన్న పోయి చాలా ఏళ్లయిందట. గద్దె మీద తెల్లగడ్డంతో తమ్ముడున్నాడు, ఆ చేతులు చూసి గుర్తుపట్టాను. మనవరాలి చెయ్యి ఒక్కసారి నొక్కి, కొలత అడక్కుండానే డజను తీసి తొడిగాడు. తర్వాత నా వంక చూసి, "సాబ్, మీరు పేపర్ల రాసేటోళ్లు గదా? ఇంక రాస్తున్నరా?" అన్నాడు.

ఆ రోజు రాసింది నేనేనని, తప్పు నాదేనని చెబుదామనే పోయాను. ఆటో ఆగి ఉందని గొణిగి తేలుకుట్టిన దొంగలా మెట్లు దిగాను. ఆ మాటలో ఎత్తిపొడుపేమైనా ఉందా అని దారంతా అనుమానమే, పాడు బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఇప్పటి పిల్లలు నయం. మనసు బాగాలేదని తమ నోటితో తామే చెప్పుకుంటున్నారు, జరిమానా పడ్డా నమ్మేవాళ్లు నలుగురున్నారు, అందులో మా మనవరాలొకతె. ఆ రోజుల్లో ఆ భయానికి పేరే లేదు, మేము పెట్టిందే పేరు. ఆ టెన్నిస్ పిల్లను, లాడ్ బజార్ కుర్రవాణ్ణి అడిగినట్టు నన్ను ఎవరూ నిలదీయరు. నా ముందు షామియానా లేదు, బెంచీ లేదు, అతనడిగిన ఒక్క మాటకు జవాబు చెప్పి తీరాలన్న రూలూ లేదు.