పరాయి చేతుల్లో నది దాటడం

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. బిడ్డ మొదటిసారి కలకత్తాలో హుగ్లీ అని పిలిచే గంగ మీద పడవలో వెళ్లేటప్పుడు తల్లి ఒళ్లో ఉండకూడదు. ఆ పడవలో ఉన్న ఎవరో ఒక పరాయి మనిషి చేతుల్లో పెట్టి, తల్లి పడవ రెండో కొసకు వెళ్లి నిలబడాలి. అవతలి రేవు వచ్చేదాకా బిడ్డను ముట్టుకోకూడదు. పరాయి మనిషంటే నిజంగా పరాయి. బంధువు కాకూడదు, మా చర్చి మనిషి కాకూడదు, తెలుగు మనిషి అసలే కాకూడదు. నన్ను మా అమ్మ ఒక ముసలి చేపలాయన చేతుల్లో పెట్టి దాటించిందట. నేను ఆయన గడ్డం గుప్పిట పట్టి వదల్లేదని చెప్పి నవ్వేది. అమ్మ ఇప్పుడు లేదు.

నాకు పాప పుట్టేదాకా ఇదంతా నాకు సరదా కథే.

పాప ఏడో నెలలోనే పుట్టింది. చాలా రోజులు గాజు పెట్టెలో ఉంచారు. ఆ పెట్టెకు పక్కన గుండ్రటి కంతలుంటే, అందులోంచి చెయ్యి పెట్టి వేలితో దాని అరికాలు తాకేదాన్ని. ఎత్తుకునేది నర్సులు, తిప్పి పడుకోబెట్టేది నర్సులు. ఇంటికి తెచ్చాక నేను దాన్ని ఇక ఎవరికీ ఇవ్వలేదు. చుట్టాలొస్తే చేతులు కడుక్కోమనేదాన్ని, కడుక్కున్నాక పాప నిద్రపోతోందనేదాన్ని. ఇప్పటికీ రాత్రిళ్లు లేచి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. ఇది రాస్తున్నది కూడా అలా లేచిన రాత్రే.

పాపకు ఏడాది నిండిందో లేదో, నది అవతల సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో మా మావయ్య దగ్గరుండే అమ్మమ్మ ఫోన్ చేసింది.

"ఏటే, నీ గుంటని దాటిస్తావా, నేదా? నానుండగా అయిపోవాల."

"దాటించడమేంటి అమ్మమ్మా? నీ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ వంతెన మీద నదిని దాటుతూనే ఉందిగా."

"వంతెన నీరేటే? వంతెన రోడ్డు."

మా ఆయనది వరంగల్. ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చాడు. పెళ్లి తర్వాతే ఆయన మొదటిసారి సముద్రం చూశాడు. ఫోను స్పీకర్లో ఉంటే పక్కనుంచి కలగజేసుకున్నాడు. "అమ్మమ్మా, పోరిని దవాఖానల నర్సులే ఎత్తుకున్నరు గద, దినాలకు దినాలు. వాళ్లు పరాయోళ్లే. అట్ల లెక్క గట్టుకుంటే అయిపాయె."

ఆయన గెలిచాడనే అనుకున్నాను.

"అప్పుడు మీరు ఇయ్యనేదు బాబూ. ఆ నర్సులే తీసుకున్నారు. ఇయ్యడం ఏరు."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఇయ్యడం వేరని ఆవిడ ఎందుకంటుందో చెప్పాలంటే ఓడ మామ్మ సంగతి చెప్పాలి.

ఓడ మామ్మ మా అమ్మమ్మకు అమ్మమ్మ. అసలు పేరేమిటో ఎవరికీ తెలియదు, ఆమెకు కూడా తెలియదు. ఇంగ్లీషువాళ్ల కాలంలో కోస్తా వెంబడి రేవు రేవుకూ ఆగుతూ కలకత్తా వచ్చే పొగ ఓడ ఒకటి, గంగ సముద్రంలో కలిసే చోటికి ఇంకాస్త దూరంలో తుపానుకు చిక్కి మునిగిపోయింది. కళింగపట్నంలో ఎక్కిన మనవాళ్లు అందులో చాలామంది ఉన్నారు. జనపనార మిల్లుల్లో పనికి వస్తున్నవాళ్లు. గదుల్లో కాదు, పైన డెక్కు మీద, మూటల మధ్య. ఓడ మామ్మ అప్పటికి పాలు తాగే పిల్ల.

ఓడ పక్కకు ఒరిగాక చిన్న పడవలు దింపారు. దింపినవి కొన్ని దింపుతుండగానే తిరగబడ్డాయి. నిలిచిన ఒక పడవలో, ఓడలో పనిచేసే చిట్టగాంగ్ ఖలాసీ ఒకడు నిలబడి, పైనుంచి దూకేవాళ్లను లాగుతున్నాడు. డెక్కు మీద నుంచి ఒక తల్లి వంగి బిడ్డను అతనికి అందించింది. తర్వాత ఆమె దూకబోయిందో, లోపల ఇంకెవరినైనా తీసుకురావడానికి వెనక్కి తిరిగిందో, ఈలోపు అల పడవను దూరంగా లాగేసిందో ఎవరికీ తెలియదు. అందించింది. ఆమె గురించి మాకు తెలిసింది అంతవరకే.

ఇక ఆ చిన్న పడవలో జరిగింది ఇదీ. పడవలోకి నీళ్లు వస్తూనే ఉన్నాయి. చేతులు ఖాళీగా ఉన్న ప్రతివాళ్లూ నీళ్లు తోడిపొయ్యాలి. చెంబుతో, టోపీతో, దోసిళ్లతో. బిడ్డను ఎత్తుకున్నవాళ్లు తోడలేరు. అందుకని ఎవరి చేతులు తిమ్మిరెక్కితే వాళ్లు కాసేపు బిడ్డను పట్టుకోవడం, తేరుకున్నాక పక్కవాళ్లకిచ్చి మళ్లీ నీళ్లు తోడడం. అలసిన చేతుల నుంచి అలసిన చేతులకు ఆ బిడ్డ పడవ చుట్టూ తిరుగుతూనే ఉంది. అందులో మిల్లుకు కూలీలను తెచ్చే సర్దారు ఒకడు ఉన్నాడు, ఒక దొర ఉన్నాడు, మొగుణ్ణి ఓడలోనే పోగొట్టుకున్న కొత్త పెళ్లికూతురు ఉంది. ఒకరి మాట ఒకరికి రాదు. ఆ రాత్రంతా వాళ్లందరికీ ఆ బిడ్డ వెచ్చదనమే విశ్రాంతి అని అమ్మమ్మ అంటుంది.

వాళ్లంతా ఏమయ్యారు? సర్దారు ఒడ్డుకు చేరాక ఇంక ఓడ మొహం చూడనని కాలినడకన ఊరు పోయాడట. ఆ పెళ్లికూతురు మాత్రం కొన్నాళ్లకు మళ్లీ ఓడెక్కి రంగూన్ పోయిందట. నాకు ఆమె గురించే ఎక్కువ ఆశ్చర్యం. దొర సంగతి తెలియదు. ఖలాసీ ఆ బిడ్డను కలకత్తా నదొడ్డు పేట మెటియాబ్రుజ్‌లో తన గుడిసెకు తెచ్చుకున్నాడు. అతని భార్యకు చంటిపిల్లాడున్నాడు, ఇద్దరికీ పాలిచ్చింది. ఒంట్లో ఓపిక వచ్చాక అతను బిడ్డను భుజాన వేసుకుని ఏక్‌బాల్‌పూర్‌లో మునిసిపాలిటీ పనివాళ్లైన తెలుగువాళ్ల సందుకు వచ్చాడు. కళింగపట్నంలో ఎక్కినవాళ్లు మాట్లాడే మాట వీళ్లదేనని అతనికి తెలుసు. సందు మొదట్లో నిలబడి, "ఎవరి బిడ్డ?" అని అడిగాడు. ఎవరిదీ కాదు. అప్పుడే వీధులూడ్చి వచ్చిన ఒకావిడ చీపురు గోడకు ఆనించి, "మాదే" అంది.

ఆ "మాదే" అన్నావిడ వంశం మాది. రక్తంతో కాదు, ఆ మాటతో. ఖలాసీ తర్వాత ఇంకో ఓడలో పోయి తిరిగి రాలేదు.

నేను డిగ్రీలో చరిత్ర చదివాను. ఆ రోజుల్లో పెద్ద లైబ్రరీకి వెళ్లి ఆనాటి ఓడ ప్రమాదాల గురించి పాత ఇంగ్లీషు పత్రికలు తిరగేశాను. ఏ ఓడ మునిగినా గదుల్లోని దొరల పేర్లూ దొరసానుల పేర్లూ ఉండేవి. డెక్కు మీదివాళ్లు ఒట్టి గుంపు. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు కోపం కన్నా వేరేదేదో వస్తోంది. ఆ గుంపులోని ఒక మనిషి చేతులు చాచినందువల్ల ఈ గదిలో నా పాప ఊపిరి పీలుస్తోంది.

"దాటించకపోతే ఏమవుతుంది అమ్మమ్మా?" అని అడిగాను. ఏదో కీడు చెబుతుందని, దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయొచ్చని ఆశ.

"ఏటీ అవ్వదు. బిడ్డనిచ్చిన ఆయమ్మని మరిసిపోతాం. అంతే."

ఇక వెళ్లక తప్పలేదు.

ఎండ లేని ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక అమ్మమ్మతో కలిసి టాక్సీలో మెటియాబ్రుజ్ రేవుకు వెళ్లాం. అక్కడ ఇంజను పడవను భుట్‌భుటి అంటారు, అది చేసే చప్పుడే దాని పేరు. అమ్మమ్మను మా ఆయన ఎత్తినంత పనిచేసి పడవలోకి దించాడు. పడవ నిండా జనం. అంచు పొడుగునా బల్లల మీద కూర్చున్నారు, మధ్యలో నిలబడ్డారు. నేను పాపను గుండెకు అదిమి అందరి చేతులూ చూస్తున్నాను. ఒకాయన దగ్గుతున్నాడు. ఒకావిడ చేపల బుట్ట మోస్తోంది, చేతులు తడి. ఒకమ్మాయి గోళ్లు పొడుగు. ఒక ముసలాయన పిల్లల గౌన్ల మూట పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పేట నిండా ఉండే దర్జీలలో ఒకడు, చొక్కా నిండా దారప్పోగులు. ఆ పోగు పాప నోట్లోకి పోతేనో?

అమ్మమ్మ నా మొహం చూసి, "ఏటే, సంబంధం సూస్తన్నావా? గోత్రం కూడా అడుగు," అంది.

"మన క్రిస్టియన్లకు గోత్రం ఏడిది అమ్మమ్మా," అన్నాడు మా ఆయన.

"అందుకే సెప్తన్నాను, బేగి ఇచ్చీ."

పడవ కదలబోతోంది. చివరి బల్ల మీద నా వయసు బెంగాలీ ఇల్లాలు ఒకతి, శంఖు గాజులు, పాపిట సిందూరం, శుభ్రమైన నేత చీర. చేతుల్లో ఏమీ లేదు. "దిది, ఎక్టు ధొర్బెన్?" కాస్త పట్టుకుంటారా అని అడిగాను. ఆమె ఆశ్చర్యపోయింది గానీ చేతులు చాచింది.

ఇచ్చాను. ఇచ్చానని రాస్తున్నాను గానీ, నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసుకోవాల్సి వచ్చింది. జనాన్ని తోసుకుంటూ పడవ ముందు కొసకు వచ్చి తాడు పట్టుకుని నిలబడ్డాను. ఇంజను మొదలైంది. ఆ చప్పుడుకు పాప కెవ్వుమంది.

"ఓలమ్మా, ఏడకే తల్లీ! అమ్మ అక్కడే ఉంది, సూడు, సూడు," అని ఊరుకోబెడుతోంది ఆ శంఖు గాజులామె.

తెలుగు. అచ్చం మా అమ్మమ్మ తెలుగు.

మా ఆయన తల పట్టుకున్నాడు. అమ్మమ్మ బల్ల మీదనుంచే కేకేసింది. "ఎవరి పిల్లవే నువ్వు?"

"ఏక్‌బాల్‌పూరండి మామ్మగారూ, మా నాన్న పోర్టులో చేసేవోడు. బెంగాలీ ఆయన్ని చేసుకున్నాను," అని నవ్వింది ఆమె.

"మనోలే!" అమ్మమ్మ నుదురు కొట్టుకుంది. "సెల్లదు. ఇది సెల్లదు. పక్కోలికిచ్చీయే అమ్మా, పక్కోలికి!"

ఎందుకో ఏమిటో ఆమె అడగలేదు. ఈ ముసలావిడ అంత గట్టిగా చెబుతోందంటే ఏదో ఉండే ఉంటుందనుకుంది కాబోలు, పాపను పక్కనున్న పొడుగు గోళ్ల అమ్మాయికి అందించింది. ఆ అమ్మాయి భయపడి, గోళ్లు తగలకుండా అరచేతులతోనే పట్టుకుని చేపలావిడకు ఇచ్చింది. చేపలావిడ బుట్ట దించి, చేతులు కొంగుకు తుడుచుకుని, తీసుకుని, ముద్దులాడి, దగ్గుతున్నాయన అడ్డంగా తల ఊపితే ఆయన్ను దాటించి ఆ పక్కాయనకు ఇచ్చింది. నేను "వద్దు, ఇక చాలు" అని అరిచాను. ఇంజను చప్పుడులో ఎవరికీ వినపడలేదు. మధ్యలో జనం గోడలా ఉన్నారు. వెళ్లలేను. తెల్ల టోపీ పెట్టిన పాప తల ఒక్కటే భుజాల మీదుగా కనపడుతోంది, మాయమవుతోంది, మళ్లీ ఇంకొంచెం అవతల కనపడుతోంది.

అప్పుడు నేను చూశాను. నది మధ్యలో ఉన్నాం. గంగ మట్టిరంగులో ఆకాశమంత వెడల్పుగా ఉంది. ఆ పడవలో ఎవరికీ ఓడ మామ్మ సంగతి తెలియదు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. అయినా ప్రతి ఒక్కరూ తీసుకునేముందు తమ చేతుల్లో ఉన్నదేదో కింద పెట్టారు. బుట్ట, ఫోను, సంచి. బిడ్డ మెడ కింద చెయ్యి వేసి మరీ తీసుకున్నారు. ఎవరూ నేర్పలేదు. ఆనాడు తుపానులో, చీకట్లో ఇలాగే జరిగి ఉంటుంది. అంతమంది మునిగిపోయినచోట ఒక బిడ్డ మునగలేదంటే, అది ఒక్కరు కాపాడడం వల్ల కాదు. నాకు తెలియకుండానే తల వంచాను. భయంతో కాదు. చర్చిలో కూడా నాకెప్పుడూ అలా కాలేదు.

పాప ఏడుపు మానేసింది. ఎప్పుడు మానిందో నేను గమనించలేదు.

అవతలి రేవుకు పడవ తగిలింది. జనం దిగిపోయారు. నేను దిగేసరికి ఆ ముసలి దర్జీ చెక్కల మీద నిలబడి ఉన్నాడు. గౌన్ల మూట కాళ్ల దగ్గరుంది, పాప భుజాన ఉంది. ఇది తన దగ్గరికి ఎవరి చేతుల మీదుగా వచ్చిందో కూడా ఆయనకు తెలియదు. దిగుతున్న ఒక్కొక్క ఆడమనిషినీ చూస్తూ అడుగుతున్నాడు, "కార్ బాచ్చా గో? ఎవరి బిడ్డ?"

బెంగాలీలో జవాబు చెప్పాలనుకున్నాను. నోట్లోంచి "మాదే" అని వచ్చింది.

ఆయనకు అర్థమైంది. పాపను ఇచ్చి, దాని చెవి మీద అంటుకున్న ఎర్ర దారప్పోగు తీసి పారేసి, మూట ఎత్తుకుని వెళ్లిపోయాడు. ఆయన్ను పేరు అడగలేదు. అడక్కూడదన్నది కూడా ఆచారమే.

అమ్మమ్మ ఒడ్డున ఒక దిమ్మె మీద కూర్చుని కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. మా ఆయన టీ తెచ్చాడు. "అమ్మమ్మా, మొదటామె తెలుగామె గద, మరి లెక్కల కొస్తదా?" అన్నాడు.

"మిగిలినోలు వొస్తారు," అంది అమ్మమ్మ, టీ ఊదుకుంటూ.

తిరుగు పడవలో పాప నా ఒళ్లోనే ఉంది. నిద్రపోయింది. పడవ సగం దూరం రాకముందే, ఎదుట నిలబడ్డ ఒకావిడ టిక్కెట్టు డబ్బుల కోసం సంచి వెతుక్కోవాల్సి వచ్చింది. చంకలో ముక్కు కారుతున్న పిల్లాడు. "ఎక్టు ధొరున్ తో," అని నా జవాబు కోసం చూడకుండానే వాణ్ణి నా మీదికి వంచింది.

నేను పాపను ఒక మోకాలి మీదికి జరిపి, నా నీళ్ల సీసా కింద పెట్టాను. వాడి మెడ కింద చెయ్యి వేసి తీసుకున్నాను.