చెవికి ఆనించిన స్క్రూడ్రైవరు

కుట్టుమిషన్ నూనె సీసా మూత తీసినప్పుడల్లా, కిరసనాయిలుకు చెల్లెలి వరసయ్యే ఆ పలుచని వాసన ముక్కుకు తగిలి, కె.ఆర్.పురంలో రెండో అంతస్తులో ఉన్నవాణ్ణి కాస్తా హొసకోటెలో మా నాయన ఫ్యాన్లు బాగుచేసే వసారాలో కూలబడతాను. మొన్న ఆదివారం ఆ మూత తీసింది మాత్రం జ్ఞాపకాల కోసం కాదు, ఒళ్ళు మండి.

విడిభాగాలు ఒక్కొక్కటే ఏరి తెచ్చి నేను సొంతంగా బిగించిన కంప్యూటర్ ఒకటుంది. ఏడో తరగతిలోనే బడీ నేనూ ఒకరికొకరం దండం పెట్టుకుని విడిపోయాం కాబట్టి, అదే నా డిగ్రీ పట్టా అనుకోండి. దాని ముందు కూర్చునే మా అమ్మాయి ఆన్‌లైన్లో ఎక్కడెక్కడి పిల్లలకో లెక్కలు చెబుతుంది. ఈమధ్య అందులోని ఫ్యాను గుర్రుమనడం మొదలుపెట్టింది.

"నాయనా, 'మిస్, మీ ఇంట్లో పిండిమర ఉండాదా' అని అడగతా ఉండారు పిల్లోళ్ళు. సోమవారానికి ఈ సద్దు నిలవకపోతే నా క్లాసులు కంపెనీవాళ్ళు ఇంకొకరికి ఇచ్చేస్తారంట," అంది.

శనివారం పెట్టెను స్కూటరు మీద పెట్టుకుని కంప్యూటర్లు బాగుచేసే అంగడికి పోయాను. అక్కడి కుర్చీలో ఉన్నాయన స్విచ్ వేసి, ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "రిపేరీ ఏమీ లేదప్పా, పారేసి కొత్త ఫ్యాను ఏసుకో," అన్నాడు. మూత తెరవలేదు, ముట్టుకోలేదు. జ్వరమొచ్చిన బిడ్డను తీసుకుపోతే, 'పారేసి ఇంకొకణ్ణి కనండి' అనే డాక్టరు ఉంటాడా?

మా నాయన వసారాలో పారెయ్యడమనే మాటే వినబడేది కాదు. ఎండలు ముదిరే ముందు ఉగాదికి అమ్మ కాల్చే ఓళిగల నేతి వాసనా కాలిన రాగితీగ వాసనా కలిసిపోయి అక్కడ తిరుగుతుండేవి. చలికాలంలో అమ్మ నానిన అనపగింజల తోలు వలుస్తూ పితికిపప్పుకు సిద్ధం చేస్తుంటే, మేం వీధిలో బొంగరాలాడుతుంటే, గాలి లేక కళ్ళంలో రాగులు తూర్పారపట్టలేని రైతులు పెద్ద నిలువు ఫ్యాన్లు మోసుకుని వచ్చేవాళ్ళు. నాయన స్క్రూడ్రైవరు మొనను ఫ్యానుకు, పిడిని తన చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని లోపలి చప్పుడు చాలాసేపు వినేవాడు. "బొంగరం నిద్దరపోయినట్ల తిరగాలప్పా," అనేవాడు. ఊగకుండా, సద్దు లేకుండా నిలబడి తిరిగే బొంగరాన్ని నిద్రపోతోందనేవాళ్ళం.

ఒకసారి నాయన సంతకు పోయిన పూట ఒక రైతు ఫ్యాను తెచ్చాడు. మిషన్ నూనె నిండుకుంది. నేను పెద్దమనిషిలా అమ్మ తలకు రాసుకునే కొబ్బరినూనె దండిగా పోసి పంపాను. సాయంత్రం దాకా బ్రహ్మాండంగా తిరిగిందట. తెల్లారేసరికి మన చలికి నూనె గడ్డకట్టి రెక్క కదల్లేదు. కింద రాగుల కుప్ప, పైన నల్లటి మబ్బు. రైతు పరుగున వచ్చి, "ఏమప్పా, నీ కొడుకు నా ఫ్యానుకు తలంటి పంపినాడే!" అని అరిచాడు.

నాయన నన్ను కొట్టలేదు. సైకిలెక్కించుకుని కళ్ళానికి తీసుకుపోయి, నా చేతే కిరసనాయిలుతో కడిగించి, సరైన నూనె వేయించి, స్క్రూడ్రైవరు పిడి నా చెవికి ఆనించాడు. "ముందు ఇనాలరా. ఇనకుండానే పోసినావు," అన్నాడు. రాగులు మూటలకెక్కాకే చినుకు పడింది. నాలుగు దెబ్బలు వేసి ఉంటే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి.

ఆదివారం అంగడాయన్ని తిట్టుకుంటూనే పెట్టె విప్పి, నూనె సీసా మూత తీసి పక్కన పెట్టుకుని, ఫ్యాను నడుములో నూనె వేసే చోటును కప్పిన కాగితం పీకబోయాను. చెయ్యి ఆగింది. నేను మాత్రం విన్నానా? స్విచ్ వేసి, స్క్రూడ్రైవరు మొనను ఫ్యానుకు, పిడిని చెవికి ఆనించాను. ఫ్యాను నడుములో బొంగరం నిద్రపోతోంది. గోలంతా అది ఆనుకున్న పెట్టె పలుచని రేకులో ఉంది. దాన్ని బిర్రుగా బిగించిన మహానుభావుణ్ణి నేనే. పాత హవాయి చెప్పు కోసి, నాలుగు మూలలా నాలుగు రబ్బరు బిళ్ళలు రేకుకూ ఫ్యానుకూ మధ్య పెట్టి బిగించాను.

సోమవారం అమ్మాయి కూర్చుంటూనే, "ఆన్ చేసినావా లేదా నాయనా?" అంది. ఏ పిల్లవాడూ పిండిమర మాట ఎత్తలేదు.

హొసకోటెలో ఆ వసారా ఇప్పుడు ఫోను కవర్లమ్మే అంగడి. రాగుల్ని మిషన్లే తూర్పారపడుతున్నాయి, ఫ్యాన్లు మోసుకొచ్చే రైతులు లేరు. అవి పోతే పోనీ. చెవి ఆనించకుండానే పారెయ్యమనే నోరు చూస్తేనే ఇప్పటికీ మండుతుంది నాకు. వినకుండానే నూనె పొయ్యబోయిన నేనూ ఆ వరసలోవాణ్ణే కదా అని ఇంకా మండుతుంది. ఆ ఆదివారం సీసాలో ఒక్క చుక్కా తగ్గలేదు. ఒకసారి వాసన చూసి మూత పెట్టేశాను.