ఎడమపక్క దొంగలు

మా మేనమామకు ఎడమపక్క నుంచి వచ్చేవాళ్ళంతా దొంగలే. అన్నం తెచ్చే అత్తనైనా సరే, "ఏంది, దొంగ మాదిరి వస్తావు?" అని కసిరేవాడు. పులికాట్ సరస్సులో ఒంటరిగా వలలు వేసి వేసి మనుషులంటే గిట్టకుండా పోయిందని మేం నవ్వుకునేవాళ్ళం.

తుఫాను షెల్టర్లో కళ్ళ క్యాంపు పెడితే అత్త ఆయన్ని లాక్కెళ్ళింది. నేనూ వెంట పోయినాను. మిషన్లేమీ లేవు. నర్సమ్మ ఎదురుగా కూర్చుని, ఆయన కుడికన్ను మూయించి, "నా ముక్కే చూడన్నా. పక్కన నా వేళ్ళు ఆడితే చెప్పు, వాటిని మాత్రం చూడబాక" అంది. మామ చూపు నిలిస్తేనా! చేప తోక కోసం వెతికే కన్ను, వేళ్ళ కోసం వెతుకుతోంది.

"ముక్కన్నా, ముక్కు!"

"పక్కన పెళ్ళాన్ని పెట్టుకోని పరాయి ఆడబిడ్డ ముక్కు ఎంతసేపు చూసేదమ్మా?" అన్నాడు మామ. షెల్టరంతా నవ్వులు. అత్త మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది.

చివరికి బుద్ధిగా చూసినాడు. తన కుడివైపు వేళ్ళు కదలగానే "ఆడినాయి" అన్నాడు. నర్సమ్మ ఆయన ఎడమవైపుకు చెయ్యి చాపింది. వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి. మా నవ్వులు ఆగిపోయినాయి. మామ మాత్రం ఓపిగ్గా, "ఇంకా మొదలుపెట్టలేదా తల్లీ?" అన్నాడు.

పోయిన చూపు రాదనీ, ఉన్నదాన్ని కాపాడుకోమనీ పెద్దాసుపత్రిలో చుక్కలమందు ఇచ్చినారు. ఇప్పుడు అత్త ఎడమపక్క నుంచి వచ్చేటప్పుడు గాజులు గలగలలాడిస్తుంది. మామ తల తిప్పకుండానే, "రా, దొంగా" అని చాప మీద చోటిస్తాడు.