బెల్లం అంటిన చీటీ

ఇది ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాయలేదు.

తాత పోయాక బోధన్ దగ్గరి పొలం బాపు, చిన్నాయన పంచుకున్నారు. అవ్వ రెండు చీటీలు మడిచి బైబిల్ మీద పెట్టి, ప్రార్థన చేసింది. మొదట తీసిన చీటీ బాపుకు. తీయాల్సింది ఆరేళ్ల నేను.

"పసిదాని చేతితోని దేవుడే తీస్తడు" అని నా కళ్లు మూసింది.

బావి ఉన్న చెరుకు మడి మాకు రావాలని బాపు ఆశ. దేవుడు పొరబడకూడదని, అవ్వ మడిచేటప్పుడే చూసిపెట్టుకున్న ఆ చీటీకి, అందరూ ప్రార్థనలో కళ్లు మూసుకున్నప్పుడు బెల్లం పూశాను. వేలికి జిగురు తగలగానే తీశాను. చిన్నాయనకు నీళ్లులేని చెల్క మిగిలింది.

ఇన్నేళ్లు గడిచాక, నిన్న ఆయన, కూలికి పోయినచోట ఇచ్చారని, బెల్లం తెచ్చాడు. ఆ వాసనకు కుదురుగా కూర్చోలేకపోయాను.

"చిన్నాయనా, ఆనాటి చీటీ..." అన్నాను.

ఆయన నవ్వాడు.

"దేవుడు తీసిన చీటీ గదా బిడ్డా. ఆయన తప్పు జేస్తడా?"