సామ్రాజ్యం అడిగిన సంతకం

వాడరేవులో ఆటో దిగిన సామ్రాజ్యం సరుగుడు తోపు పక్కనున్న రెండు గదుల రేకుల ఇంటికి నేరుగా నడిచింది. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్న పిచ్చయ్య ముందు ఆగి, "అన్నయ్యా, కాగితం తెచ్చాను" అంది.

"వస్తూనే మొదలుపెట్టావా? సముద్రానికొచ్చి కాగితాలేంటమ్మా! కాసేపు గాలి పీల్చుకో."

"గాలి మా ఊళ్లోనూ ఉంది. నీ సంతకమే లేదు."

పిచ్చయ్య ఆమె పెద్దమ్మ కొడుకు. చీరాలలో చీరల కొట్టు పెట్టి పదిహేనేళ్లయింది. వినుకొండ దగ్గర అతనికి మూడెకరాల పొలముంది. పదకొండేళ్లుగా ఆ నేలలో మిర్చి వేస్తున్నది సామ్రాజ్యం, ఆమె భర్త రోశయ్య. కాగితాల్లో మాత్రం రైతు పిచ్చయ్యే. ఎండలో నడుము వంచేవాళ్లు ఒకరు, రైతనిపించుకునేవాళ్లు ఇంకొకరు. పల్నాట్లో ఇదెంత మామూలైపోయిందంటే, అన్యాయమని ఎవరికీ తోచనే తోచదు.

సామ్రాజ్యానికి తోచింది. మొన్న ఫిబ్రవరిలో అకాల వర్షానికి కళ్లంలో కాయ తడిసి బూజు పట్టింది. నష్టం రాసుకోవడానికి వచ్చినాయన జాబితా చూసి, "పిచ్చయ్యగారెక్కడ?" అన్నాడు. పంట తమదేనని ఆమె చెబితే, "మీ పేరు లేదు కదమ్మా, మీరెవరు?" అన్నాడు. పాడైన కాయను గుట్ట పోసి తగలబెట్టినప్పుడు కూడా ఆమెకు అంత కడుపు మండలేదు.

కౌలు రైతుగా కార్డు తీసుకుంటే జాబితాలో పేరెక్కుతుంది. కార్డు కావాలంటే పొలం ఆసామి సంతకం పెట్టాలి. రెండేళ్లుగా ఫోన్‌లో అడిగితే పిచ్చయ్య "చూద్దాంలే" అంటున్నాడు. కొట్టుకు వెళితే బేరంలో ఉన్నానంటాడు. వేసవి సెలవులు కదా, వాడరేవులో ఇల్లు అద్దెకు తీసుకున్నాం, రెండు రోజులు సముద్రం దగ్గర గడుపుదాం రమ్మని అతని కోడలు శ్రీరమ్య పిలిచినప్పుడు సామ్రాజ్యం వెంటనే సరేనంది. ఇక్కడైతే అతను తప్పించుకుపోవడానికి సముద్రం తప్ప దారి లేదు.

చేపల పులుసుకు కారం దంచాలని వదిన రాజేశ్వరి రోలు కడిగింది. సామ్రాజ్యం తాను తెచ్చిన ఎండుమిరపకాయలు చేటలో పోసి, అరచేతులకు నూనె రాసుకుని, గిన్నె పిచ్చయ్య వైపు జరిపింది.

"నాకెందుకు నూనె? మిరప రైతుని!" అంటూ అతను చేట ముందుకు లాక్కున్నాడు. "చూడమ్మా శ్రీరమ్యా, మన తోట కాయే. ఈ రంగు రావాలంటే ఎంత కష్టపడాలో తెలుసా?"

సామ్రాజ్యం నూనె గిన్నె పక్కన పెట్టేసింది. పిచ్చయ్య తొడిమలు తీశాడు, కాయల్ని తుంచి గింజలు దులిపాడు. అరగంట తర్వాత చేతులు పంచెకు తుడుచుకుని, తువ్వాలు భుజాన వేసుకుని సముద్రంలోకి దిగాడు. మొదటి అల ముఖాన కొట్టింది. రెండు చేతులతో కళ్లు గట్టిగా నులుముకున్నాడు.

"రాజేశ్వరీ! కళ్లు పోయినయ్యే!"

కొడుకు లక్ష్మీకాంత్ పరుగెత్తుకెళ్లి అతన్ని ఒడ్డుకు నడిపించుకొచ్చాడు.

"మంచినీళ్ల బిందె తేరా! రుద్దకన్నయ్యా, ఊరికే కళ్లార్పు," అంటూ సామ్రాజ్యం ధారగా నీళ్లు పోసింది. అతని చేతులకు నూనె పట్టించి, గుడ్డతో తుడిచి, మజ్జిగ గిన్నెలో ముంచి పెట్టింది.

భర్త కళ్లు తెరిచేదాకా రాజేశ్వరికి ఊపిరాడలేదు. తెరిచాక నవ్వాగలేదు. "మిరప రైతు గారండీ! కారం చెయ్యి కంట్లో పెట్టుకోకూడదని పొలం గట్టెక్కని నాకే తెలుసు!"

"మామయ్యగారూ, ఎంత కష్టపడాలో తెలుసా అన్నారుగా?" అంది శ్రీరమ్య.

ఎర్రబడ్డ కళ్లతో పిచ్చయ్య నేలచూపులు చూశాడు. "చేసేది సామ్రాజ్యం వాళ్లేలే" అన్నాడు చివరికి.

"ఆ మాటే కాగితం మీద రాయమంటున్నా" అంది సామ్రాజ్యం.

"సంతకం పెడితే పొలం నీదైపోద్దంట కదే. బజారంతా అంటన్నారు."

"బజారు చదివిందా? నేను చదివాను. ఇదిగో అమ్మాయ్, గట్టిగా చదువు."

శ్రీరమ్య చదివింది. ఒప్పందం పదకొండు నెలలకే. హక్కు పంట మీదే, భూమి మీద కాదు. పిచ్చయ్య ఆ ముక్క మళ్లీ చదివించుకున్నాడు.

"పంట వరకేనా?"

"పంట వరకే, మామయ్యగారూ."

"సరేలే. చెయ్యి మండుతోంది, పెన్ను పట్టలేను. తర్వాత పెడతా."

"తగ్గనియ్యి. రెండు రోజులు ఉందామనే వచ్చాను," అని సామ్రాజ్యం చాప పరుచుకుని అతని ఎదురుగానే కూర్చుంది.

భోజనాలయ్యాక పిచ్చయ్య కళ్లజోడు పెట్టుకుని, ఖాళీ గడులు నింపి సంతకం చేశాడు. సామ్రాజ్యం కాగితం అందుకుని ప్రతి గడీ మీదా వేలు పెట్టి చూసింది.

"విస్తీర్ణం రెండెకరాలని రాశావేం?"

"ఈ ఏడాదికి అలా కానీ..."

"మరి మూడో ఎకరం ఎవరు చేస్తన్నారు? ఈ సముద్రమా?"

లక్ష్మీకాంత్ ఫక్కున నవ్వాడు. పిచ్చయ్య కొడుకు వైపు గుర్రుగా చూసి, రెండును కొట్టేసి మూడు వేసి, పక్కన పొట్టి సంతకం గీశాడు.

సామ్రాజ్యం వరండా మెట్టు మీద కూర్చుని రోశయ్యకు ఫోన్ చేసింది.

"పెట్టాడా?"

"పెట్టాడు. మూడెకరాలకీ."

"కార్డు ఎవరి పేరున?"

"నా పేరునే. కోతకి కూలీల్ని పిలిచేది నేను, కళ్లంలో కాయ తిరగేసేది నేను. ఏం, నీకేమన్నా అభ్యంతరమా?"

అవతల రోశయ్య అరుస్తున్న గేదెను అదిలించాడు.

"అభ్యంతరం ఎందుకుంటది? రేపు కార్డులిచ్చే ఆఫీసు పదింటికి తెరుస్తారు," అన్నాడు రోశయ్య. "పాలు నేను పిండుకుంటాలే. నువ్వు తెల్లారి మొదటి బస్సుకే బయల్దేరు."