రొయ్యల షెడ్డులో నా దర్యాప్తు

ఏలూరులో నేను డిగ్రీ చదివింది ఫోరెన్సిక్ సైన్స్. తాడేపల్లిగూడెం నుంచి పొద్దున్నే ప్యాసింజరు రైల్లో వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేవాణ్ణి. ఆ కోర్సు పేరు మా బంధువుల్లో ఎవరికీ నోరు తిరగలేదు. "మావాడు పోలీసు చదువు చదువుతున్నాడండీ" అని అమ్మ అందరికీ చెప్పేది. మా పెద్దమ్మయితే నన్ను చూడగానే "రండి రండి, డిటెక్టివు గారొచ్చారు" అనేది. అలా పిలవొద్దని పైకి విసుక్కునేవాణ్ణి గానీ లోపల ఎంత పొంగిపోయేవాణ్ణో నాకే తెలుసు.

పెద్దమ్మా వాళ్ళకి కైకలూరు దగ్గర రొయ్యల షెడ్డు ఉంది. చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన రొయ్యలు ఐసులో వచ్చి దిగుతాయి. పన్నెండు మంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని వాటి తలలు తీసి, పొట్టు ఒలిచి, ట్రేల్లో వేస్తారు. పెద్దమ్మ కాటా దగ్గర కూర్చుని తూకం చూసుకుంటుంది. చిన్నప్పటి నుంచీ నా సెలవులు సగం ఆ నీచు వాసనలోనే గడిచాయి.

రెండో సంవత్సరం సెలవుల్లో నేనక్కడ ఉండగా పెద్దమ్మ ఉంగరం పోయింది. చెయ్యి తడుస్తోందని తీసి, బల్ల మీదున్న స్టీలు టిఫిను డబ్బాలో పెట్టిందట. సాయంత్రం మూత తీస్తే లేదు. "ఎక్కడో పెట్టి మర్చిపోయుంటాలే" అని ఆవిడే అంటోంది. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. ఊరుకోనిది నేను. "రేపు అందరూ రానీ పెద్దమ్మా, నేను చూస్తాను" అన్నాను.

మర్నాడు అందరూ చూస్తుండగా ఆ డబ్బా మూత మీద ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, మెత్తటి బ్రష్షుతో దులిపాను. అలుక్కుపోయిన మరకలు తప్ప ఏమీ కనబడలేదు. నిజానికి నా దర్యాప్తు అక్కడితో అయిపోయింది. డబ్బా మీద పోల్చడానికి ముద్రే లేనప్పుడు ఎవరి వేలిముద్రలు తీసుకుని ఏం లాభం? అది నాకు తెలియక కాదు. కానీ పన్నెండు మంది పని ఆపి నావైపే చూస్తున్నారు. ఏమీ దొరకలేదని చెప్పడానికి నాకు నామోషీ అయింది. గుమాస్తా బల్ల మీది స్టాంపు ప్యాడూ, నాలుగు తెల్ల కాగితాలూ పట్టుకొచ్చి వాళ్ళందర్నీ వరసలో నిలబెట్టాను.

పదకొండు మందివి ఎంతో కొంత పడ్డాయి. కొన్ని మసకగా, కొన్ని తెగిన గీతలతో. ఆఖరున వచ్చినావిడ షెడ్డు పెట్టిన నాటి నుంచీ ఉన్న మనిషి. నేను బళ్ళో చదివే రోజుల్లో రొయ్యల్లో కలిసొచ్చిన పీతల్ని నాకోసం పక్కన పెట్టేది. ఆవిడ బొటనవేలు కాగితం మీద నొక్కితే ఒట్టి నల్లమచ్చ పడింది. ఒక్క గీత లేదు. తుడిపించి మళ్ళీ నొక్కించాను. మిగతా వేళ్ళూ నొక్కించాను. అన్నీ మచ్చలే.

"వేళ్ళు దేనికైనా రుద్దావా?" అన్నాను. మా అమ్మ కంటే పెద్దావిడని పట్టుకుని నువ్వు అనే అన్నాను.

"లేదండి బాబూ, నేనేమీ..."

నేను వినిపించుకోలేదు. పట్టుబడకుండా ఉండటానికి వేళ్ళు కాల్చుకునే, గీక్కునే నేరస్థుల గురించి కాలేజీలో అంతకు ముందే పాఠమయింది. నాకు ఆ పాఠమంటే మహా ఇష్టం. పెద్దమ్మ వైపు తిరిగి, "గీతలు కావాలనే చెరిపేసుకుంటారు పెద్దమ్మా. అలవాటున్నవాళ్ళు చేసే పని ఇది" అన్నాను. గట్టిగానే, చివర కూర్చున్నవాళ్ళకి కూడా వినబడేలాగే అన్నాను.

ఆవిడ బకెట్లో చేతులు కడుక్కుంది. ఇంకు వదల్లేదు. "నా మీదేనా అనుమానమండీ?" అని పెద్దమ్మనడిగింది. పెద్దమ్మ నా ముఖం చూసి, తర్వాత నేల చూసి, "నేనేమన్నానే ఇప్పుడు" అంది. ఆవిడ ఆ పూట పని పూర్తి చేసే వెళ్ళింది. మర్నాటి నుంచి మళ్ళీ రాలేదు.

రెండు వారాల తర్వాత పెద్దమ్మ ఫోను చేసింది. "ఉంగరం దొరికిందిరా! మీ పెదనాన్న జాగ్రత్తగా ఉంటుందని తీసి ప్యాంటు జేబులో పెట్టుకుని మర్చిపోయారు. ఉతకడానికి వేస్తుంటే బయటపడింది" అని ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. మరి ఆవిడ సంగతేమిటని పెద్దమ్మ అనలేదు, నేనూ అడగలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఫోను పెట్టేశాక నాకు ముందు కలిగిన బాధ నా లెక్క తప్పినందుకు. ఆవిడ ముఖం గుర్తొచ్చింది ఆ తర్వాతే.

మూడో సంవత్సరంలో మా మేడం, చేసే పని వల్ల వేలిగీతలు అరిగిపోవడం గురించి చెప్పారు. సున్నం పని చేసేవాళ్ళు, తాపీ పనివాళ్ళు, అంట్లు తోమేవాళ్ళు. "అంత దూరం ఎందుకు, మన జిల్లాలోనే ఏళ్ళ తరబడి ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచేవాళ్ళని చూడండి. కొందరికి గీతే ఉండదు" అన్నారు. తల దించుకున్నాను. ఎవరైనా దీని మీద ప్రాజెక్టు చేస్తారా అని ఆవిడ అడిగారు. దించిన తల ఎత్తి, చెయ్యి కూడా ఎత్తాను. "నాకు తెలిసినావిడ ఒకరున్నారు మేడం" అన్నాను. చేసిన తప్పు తెలిసి పావుగంట కాలేదు, అప్పుడే దాన్ని మార్కులకి వాడుకున్నాను.

అడ్రసు కనుక్కుని ఆ ఆదివారమే ఆవిడ ఇంటికి వెళ్ళాను. చాలా దూరంలో వేరే షెడ్డుకి వెళుతోందట, తెల్లారకుండానే ఆటో ఎక్కాలట. నాకు కుర్చీ వేసి తను గుమ్మంలో కూర్చుంది. ఉంగరం దొరికిందనీ, తప్పు నాదేననీ, "మీరు నన్ను క్షమించాలండీ" అనీ చెప్పాను. మీరు అనేసరికి ఆవిడ చప్పున నా ముఖంలోకి చూసింది. అంతా చెప్పాక సంచీలోంచి కార్డూ ప్యాడూ తీశాను.

"మళ్ళీనా అండీ?" అంది. అంటూనే చెయ్యి చాపింది. "ఈసారైనా పడతాయాండీ?"

"పడవండీ. పడకపోవడమే నాకు కావాలి."

పది వేళ్ళూ నొక్కించుకున్నాను. "రేషను మిషన్లోనూ పడవండి బాబూ. నాకు కన్ను పెట్టించి ఇస్తారు" అంది. నేను అది కూడా రాసుకున్నాను. లేవబోతుంటే అప్పుడు అడిగింది.

"మీరొచ్చి చెప్పారు, సంతోషమండి. కానీ ఆ రోజు అందరి ముందూ అన్నారు కదండీ. ఈ మాట కూడా అక్కడే చెప్పండి బాబూ. నాకు మళ్ళీ అక్కడ పని అక్కర్లేదండి. నా పేరే అక్కడ ఉండిపోయిందండి."

"వచ్చే ఆదివారమే చెబుతానండీ" అన్నాను.

చెప్పలేదు. ప్రాజెక్టు పూర్తి చేశాను. సెమినార్లో ఆవిడ పది నల్లమచ్చల్నీ తెర మీద పెద్దవి చేసి, నమూనా ఒకటి అని చూపించాను. ఇందులో ఈమె దోషమేమీ లేదని హాలంతా వినేలా చెప్పాను. చప్పట్లు కొట్టారు, సర్టిఫికెట్టు ఇచ్చారు. వినవలసిన పదకొండు మంది మాత్రం కైకలూరులో రొయ్యలు ఒలుచుకుంటున్నారు. ప్రతి ఆదివారానికీ నా దగ్గర ఒక సాకుండేది. అసలు కారణం ఒకటే. నేను నోరు విప్పితే పెద్దమ్మ ఇక నన్ను డిటెక్టివు గారని పిలవదు.

ఎనిమిది నెలలు గడిచాక, వానలు పట్టిన రోజుల్లో వెళ్ళాను. పెద్దమ్మ కాటా దగ్గరుంది. షెడ్డు మధ్యలో నిలబడి, ఉంగరం పెదనాన్న జేబులోనే దొరికిందనీ, ఆవిడ వేళ్ళు ఈ పని వల్లే అరిగిపోయాయనీ, ఆవిడ ఏ తప్పూ చెయ్యలేదనీ చెప్పాను. అందరి చేతులూ ఆడుతూనే ఉన్నాయి.

గోడవారన కూర్చున్న పెద్దావిడ, "మాకు తెలుసండి బాబూ" అంది. "దానికి రేషను మిషన్లో వేలు పడదని మాకందరికీ తెలుసండి. మావీ పోతున్నాయి."

"మరి ఆ రోజు ఒక్కరూ చెప్పలేదేం?" అన్నాను. అప్పుడు కూడా నా గొంతులో నిలదీయడమే ఉంది.

ఆవిడ చేతులు ఆపి తలెత్తింది. "మీరు మా వేళ్ళు అడిగారండి. మమ్మల్ని అడగలేదు కదండీ."

నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆవిడ ట్రే ఎత్తి కాటా మీద పెట్టి తూకం చూసుకుంటోంది.