ఆంప్ గొంతు

కొత్తపేట ఆర్కెస్ట్రాలో గిటారు వాయించే ఆదినారాయణకు, గిటారు శబ్దాన్ని పెంచే తన పాత వాల్వు ఆంప్ స్విచ్ వేసే ముందు ఒక అలవాటుంది. వంగి, వెనకనున్న స్పీకరు వైరును రెండుసార్లు గుంజి చూస్తాడు. అది ఊడి ఉంటే శబ్దానికి దారి లేక లోపలి గాజు వాల్వులు కాలిపోతాయి. తర్వాత అవి వేడెక్కి నారింజ రంగుకు తిరిగేదాకా చేతులు కట్టుకుని నిలబడతాడు. వాయించేటప్పుడు కళ్లు మూసేస్తాడు. "దీని గొంతు వందలో ఉన్నా పోల్చేస్తానండి" అంటాడు అందరితోనూ.

పి.గన్నవరం పెళ్లికి కీబోర్డు సురేంద్ర డిజిటల్ మోడలర్ తెచ్చాడు. టిఫిన్ డబ్బా అంత పెట్టె, ఏ ఆంప్ గొంతునైనా అచ్చం అలాగే పలుకుతుంది. దాన్నుంచి ఒక వైరు వాల్వు ఆంప్‌కీ, ఇంకొకటి నేరుగా స్టేజీ మీది స్పీకరు బాక్సులకీ వెళ్లింది.

"మొన్న రిహార్సల్లోనే మీ ఆంప్ గొంతు ఇందులో ఎక్కించేసేనండి. కనెక్షన్లన్నీ ఇచ్చేసేను, మీరు వాయించడమే."

"ఆయ్" అన్నాడు ఆదినారాయణ. ఆ ఒక్కరోజూ వంగలేదు.

స్పీకరు వైరు ఆంప్ వెనక నేలమీద పడి ఉంది. బాక్సుల్లోంచి గిటారు నిండుగా మోగింది. అతను కళ్లు మూసుకున్నాడు. వెనక వాల్వులు నారింజ దాటి నిప్పుల్లా ఎర్రబడ్డాయి. పాడుతున్న తులసి చరణం మధ్యలో ఆగిపోయింది.

"బాబాయ్‌గారూ, ఏదో కాలుతోందండి!"

"వంటల దగ్గరమ్మా" అన్నాడతను, కళ్లు తెరవకుండానే. "నా ఆంప్ ఎంత బాగా పలుకుతోందో విను."